బస్సుకు దారి: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

నగర రోడ్ల మీద బస్సులకు, నలుగురూ కలిసి ఎక్కే వాహనాలకు ముందు దారి ఇవ్వడం గురించి చాలా ఉత్తరాలు వచ్చాయి. ఒకే రకమైన ప్రశ్నలను కలిపి జవాబులిస్తున్నాం. లెక్కలన్నీ ఎడమవైపు నడిచే ట్రాఫిక్‌కు, 12 మీటర్ల మామూలు బస్సుకు వేసినవి.

ప్రశ్న: బస్ లేన్ ఎప్పుడు చూసినా ఖాళీగానే ఉంటుంది. పక్క రెండు లేన్లలో బండ్లు ఇరుక్కుపోయి ఉంటాయి. అంత రోడ్డు వృథా చేయడం న్యాయమేనా?

జవాబు: అది వృథా కాదు. ఖాళీగా కనిపిస్తోందంటే లేన్ సరిగ్గా పనిచేస్తోందనే అర్థం. 12 మీటర్ల బస్సు గంటకు 20 కి.మీ. వేగంతో వస్తే మీ ముందు నుంచి దాటిపోవడానికి రెండు సెకన్ల పైచిలుకు చాలు. గంటకు 40 బస్సులు వచ్చినా అన్నీ కలిపి ఒకటిన్నర నిమిషం. మిగతా 58 నిమిషాలూ మీ కంటికి కనిపించేది ఖాళీ తారు రోడ్డే. కానీ ఆ ఒకటిన్నర నిమిషంలో, బస్సుకు 50 మంది చొప్పున, 2,000 మంది వెళ్లిపోయారు.

ఇప్పుడు పక్క లేన్ చూడండి. పచ్చ లైటు ఉన్నంతసేపు ఒక లేన్‌లోంచి సుమారు రెండు సెకన్లకు ఒక కారు దాటుతుంది. గంటలో 45 శాతం సమయం పచ్చ లైటే అనుకుంటే 800 కార్లు. కారుకు ఒకటిన్నర మంది చొప్పున 1,200 మంది. లేన్ కిక్కిరిసి ఉంటుంది, జనం మాత్రం తక్కువ. టూవీలర్లు ఎక్కువగా ఉండే రోడ్డు మీద ఈ సంఖ్య ఇంకా పెరుగుతుంది కాబట్టి మా లెక్కను అలాగే తీసుకోకుండా మీ రోడ్డు మీద లెక్కపెట్టుకోవడం మంచిది. ఎలా లెక్కపెట్టాలో చివరి జవాబులో ఉంది.

ఈ లెక్కే ఎదురుతిరిగే సందర్భం కూడా ఉంది. గంటకు 10 బస్సులే వచ్చే రోడ్డు మీద లేన్ మొత్తం తీసి ఇస్తే అందులో వెళ్లేది 500 మంది. అక్కడ పూర్తి లేన్ అడగడం సబబు కాదు. పై అంకెల ప్రకారం గంటకు 24 బస్సుల దగ్గర రెండు లేన్లూ సమానమవుతాయి. అంతకు తక్కువైతే జంక్షన్ దగ్గర మాత్రమే ప్రాధాన్యం ఇస్తే సరిపోతుంది.

ఒక్క లేన్ ఎంత మోయగలదో చూడాలంటే న్యూజెర్సీ నుంచి న్యూయార్క్‌లోకి వెళ్లే లింకన్ టన్నెల్ దారి ఉంది. 1970 చివర్లో మొదలైన ఆ బస్ లేన్ దాదాపు 4 కి.మీ. పొడవు, పనిదినాల్లో ఉదయం పూట మాత్రమే నడుస్తుంది. ఎదురు దిశ నుంచి తీసుకున్న ఒక్క లేన్ మీద, కోవిడ్‌కు ముందు, రోజూ ఉదయం నాలుగు గంటల్లో 1,800కు పైగా బస్సులు, 60,000 మందికి పైగా ప్రయాణికులు వెళ్లేవారు. మధ్యలో స్టాపులు, సిగ్నళ్లు లేని దారి కాబట్టి అది సాధ్యమైంది. మామూలు వీధి మీద అంత రాదు. బస్సులకు ఆటంకం ఎక్కడి నుంచి వస్తుందో కూడా ఆ ఉదాహరణ చెబుతోంది: స్టాపులు, సిగ్నళ్లు.

ప్రశ్న: బస్ లేన్ ఎడమ అంచున ఉండాలా, రోడ్డు మధ్యలో ఉండాలా?

జవాబు: ఎడమ అంచున వేయడం చవక, తొందరగా అయిపోతుంది. ఉన్న స్టాపులే పనికొస్తాయి. కానీ ఆ అంచునే పార్కింగ్, సరుకు దించే వ్యాన్లు, ఆటోల ఆగుడు, డ్రైనేజీ మూతలు, వాన నీళ్లు అన్నీ ఉంటాయి. ఒక్క వ్యాన్ అరగంట ఆగితే చాలు, ప్రతి బస్సూ పక్క లేన్‌లోకి వచ్చి మళ్లీ లోపలికి దూరాలి. ఎడమవైపు దుకాణాలు, గేట్లు వరసగా ఉన్న వీధిలో అంచు లేన్ కాగితం మీదే మిగులుతుంది.

మధ్యలో వేస్తే ఆ గొడవ ఉండదు, కొత్తవి మాత్రం రెండొస్తాయి. ఒకటి, కుడివైపు తిరిగే బండ్లు బస్ లేన్‌ను కోసుకుంటూ వెళ్లాలి. వాటికి వేరే సిగ్నల్ విడత (వాటికి మాత్రమే పచ్చ వెలిగే సమయం) ఇవ్వాలి, లేదా అక్కడ కుడి మలుపు మూసేసి ముందుకెళ్లి తిరిగి రమ్మనాలి. రెండోది ఇంకా ముఖ్యం. ప్రతి ప్రయాణికుడూ సగం రోడ్డు దాటితేనే బస్సెక్కగలడు. సిగ్నల్ ఉన్న జీబ్రా క్రాసింగ్ లేకుండా మధ్యలో స్టేషన్ కట్టడం జనం ప్రాణాలతో ఆడుకోవడమే. క్రాసింగ్ ఎక్కడో 100 మీటర్ల దూరాన పెట్టి, అడ్డంగా దాటకుండా రెయిలింగ్ కడితే, ఎదురుగా బస్సు కనిపించినవాళ్లు రెయిలింగ్ ఎక్కి దూకుతారు.

తలుపులు ఎటు ఉండాలన్నది కూడా ముందే తేల్చుకోవాలి. 2009లో మొదలైన అహ్మదాబాద్ జన్‌మార్గ్‌లో, అంటే ఆ నగరంలో బస్సులకే వేరు చేసిన దారుల్లో, రెండు దిశలకూ కలిపి మధ్యలో ఎత్తు ప్లాట్‌ఫారంతో ఒకే స్టేషన్ ఉంటుంది, అందుకని బస్సుకు కుడివైపు తలుపులు కావాలి. ఆ బస్సు మామూలు స్టాపులో పనికిరాదు. 2004లో సియోల్ మధ్య లేన్లు వేసినప్పుడు ఒక్కో దిశకు వేరే ప్లాట్‌ఫారం, బస్సు తలుపు ఉన్న వైపే కట్టింది. మామూలు బస్సులే లేన్‌లోకి వచ్చి, లేన్ అయిపోయాక మామూలు వీధుల్లోకి వెళ్లిపోతాయి. ఉన్న బస్సులతోనే మొదలుపెట్టాల్సిన నగరానికి సియోల్ పద్ధతే మేలని మా అభిప్రాయం.

లేన్‌కు రెండు వైపులా ఎత్తైన గోడ కట్టొద్దు. ఒక బస్సు చెడిపోతే వెనక బస్సులన్నీ బందీలవుతాయి. అవసరమైతే బస్సు చక్రం ఎక్కి దిగగలిగేలా, కారుకు మాత్రం ఇబ్బందిగా ఉండేలా, వాలు అంచున్న దిమ్మ సరిపోతుంది. ట్రాఫిక్‌కు ఎదురు దిశలో బస్సులు నడిపే లేన్ విషయంలో మరింత జాగ్రత్త అవసరం. దాటేవాళ్లు బండ్లు వచ్చే వైపే చూసి అడుగేస్తారు, బస్సు రెండో వైపు నుంచి వస్తుంది. స్టాపులూ నడిచేవాళ్లూ ఉండే వీధిలో దాన్ని వేయకపోవడమే నయం.

ప్రశ్న: మా రోడ్డు దిశకు రెండు లేన్లే. బస్సుకు ఒకటి ఇచ్చే పరిస్థితి లేదు. ఇక చేసేదేమీ లేదా?

జవాబు: చాలా ఉంది. ఇరుకు రోడ్డు మీద బస్సు కాలం పోయేది ఎక్కువగా జంక్షన్ ముందు వరసలో. ఆ వరస పొడవు మేరకు, 60 నుంచి 100 మీటర్లు, ఎడమ అంచున పార్కింగ్ తీసేసి బస్సుకు చిన్న లేన్ ఇవ్వండి. బస్సు వరసను దాటి ముందుకొస్తుంది. దానికి విడిగా ఒక సిగ్నల్ లైటు పెట్టి, మిగతావాళ్ల కంటే నాలుగైదు సెకన్లు ముందు పచ్చ ఇస్తే ఖాళీ జంక్షన్ దాటి మామూలు లేన్‌లో కలిసిపోతుంది. ఆ చిన్న లేన్ వరస కంటే పొట్టిగా ఉంటే మాత్రం దండగే, బస్సు దాని మొదటికి చేరేసరికే సిగ్నల్ మారిపోతుంది. రద్దీ వేళ వరస ఎక్కడిదాకా వస్తుందో చూసి, అక్కడి నుంచి గీయాలి.

పొడవైన బస్ లేన్ ఉన్న చోట దీనికి ఎదురు పని చేయాలి. ఆపు గీత వరకూ లేన్‌ను లాగితే ఎడమకు తిరిగే బండ్లకు చోటుండదు, జంక్షన్ దాటే బండ్ల సంఖ్య పడిపోతుంది. అందుకే లేన్‌ను ముందే ఆపేస్తారు. పచ్చ లైటు 30 సెకన్లయితే ఒక లేన్‌లో దాటేవి 15 కార్లు, కారుకు 6 మీటర్ల చోటు, మొత్తం 90 మీటర్లు. అంటే పచ్చ సెకన్లకు రెండు మూడింతల మీటర్ల దూరంలో లేన్ ముగిస్తే, ఆ భాగంలో ఉన్న బండ్లన్నీ ఒకే పచ్చలో వెళ్లిపోతాయి, వెనక వచ్చిన బస్సు కూడా వాటితోపాటు దాటుతుంది.

ఇంకొకటి, ఖర్చు తక్కువ, ఎవరూ పట్టించుకోనిది. బస్సు ఆగడానికి ఫుట్‌పాత్‌లోకి తొలిచిన బస్ బేలను ఇరుకు రోడ్ల మీద పూడ్చేయండి. బేలోకి దూరిన బస్సు మళ్లీ బయటికి రావడానికి వెనకవాళ్ల దయ కోసం ఎదురుచూస్తుంది. ఫుట్‌పాత్‌నే లేన్ దాకా పెంచితే బస్సు దారిలోనే ఆగి దారిలోనే కదులుతుంది, అంచుకు ఆనుకుని నిలబడుతుంది, ముసలివాళ్లు రోడ్డు మీదికి దిగకుండా ఎక్కగలుగుతారు. వెనక కార్లు 20 సెకన్లు ఆగుతాయి. బస్సులో ఉన్న 50 మంది 20 సెకన్లు ఆగడం కంటే అది న్యాయం.

ప్రశ్న: బస్సు వస్తే సిగ్నల్ పచ్చగా మారుతుందంటారు. మరి అడ్డదారిలో (జంక్షన్‌లో అడ్డంగా వచ్చే రోడ్డులో) ఉన్నవాళ్లు, నడిచి దాటేవాళ్లు ఏమైపోవాలి?

జవాబు: అంబులెన్స్ వస్తే అన్నీ ఆపేసి దారిచ్చే పద్ధతి వేరు, బస్సుకిచ్చే ప్రాధాన్యం వేరు. బస్సు కోసం సిగ్నల్ వరస మారదు. కొన్ని సెకన్లు అటూ ఇటూ జరుగుతాయి, అంతే.

జంక్షన్‌కు సుమారు 100 మీటర్ల ముందు బస్సును గుర్తిస్తారు. రోడ్డులో పాతిన తీగచుట్టతో గానీ, బస్సులోని జీపీఎస్‌తో గానీ. గంటకు 30 కి.మీ. వేగంలో ఆ దూరానికి 12 సెకన్లు. పచ్చ ఇంకో 5 సెకన్లలో అయిపోతుందనుకోండి, సిగ్నల్‌ను నడిపే కంట్రోలర్ దాన్ని 8 సెకన్లు పొడిగిస్తుంది. బస్సు దాటిపోతుంది. పొడిగించకపోతే అది పూర్తి ఎరుపు కాలం, ఒక నిమిషమో ఎక్కువో, నిలబడేది. 8 సెకన్ల పెట్టుబడికి నిమిషం లాభం కాబట్టి అన్ని రకాల ప్రాధాన్యాల్లోనూ ఇదే మేలైనది. బస్సు ఎరుపులో వస్తే అడ్డదారి పచ్చను కాస్త తగ్గించి బస్సు పచ్చను ముందుకు జరుపుతారు. దానివల్ల దక్కేది కొన్ని సెకన్లే.

నడిచేవాళ్ల కాలాన్ని మాత్రం ఎప్పుడూ కోయకూడదు. 14 మీటర్ల రోడ్డు దాటడానికి సెకనుకు 1.2 మీటర్ల నడకతో 12 సెకన్లు కావాలి, ముసలివాళ్లకు, పిల్లలకు ఇంకా ఎక్కువ. అడుగు వేయడం మొదలుపెట్టడానికి ఇచ్చే 7 సెకన్లు దానికి అదనం. ఈ మొత్తాన్ని కంట్రోలర్‌లో కదపరాని కనీసంగా పెట్టాలి. పొడిగింపు పరిమితి 10 నుంచి 15 సెకన్లు, ఒకసారి ఇచ్చాక తర్వాతి చక్రంలో (సిగ్నల్ ఒక పచ్చ నుంచి మళ్లీ అదే పచ్చ దాకా తిరిగే కాలం) అడ్డదారికి ఆ సెకన్లు తిరిగివ్వాలి.

ఇది చెడిపోయేది చాలావరకు ఒకే కారణంతో: స్టాపు జంక్షన్‌కు ముందుండటం. బస్సు తనను గుర్తించే డిటెక్టర్‌ను దాటుతుంది, సిగ్నల్ పచ్చను పట్టి ఉంచుతుంది, బస్సేమో స్టాపులో జనాన్ని ఎక్కించుకుంటూ ఉంటుంది. పచ్చ వృథాగా పోయి, సరిగ్గా తలుపు మూసుకునేసరికి ఎరుపు పడుతుంది. అడ్డదారివాళ్లకు నష్టం, బస్సుకు లాభం సున్నా. స్టాపును జంక్షన్ దాటాక 20, 30 మీటర్ల తర్వాతకు మార్చాలి. అక్కడ ఒకేసారి రెండు బస్సులు నిలిచేలా కనీసం 30 మీటర్ల చోటు వదలాలి, లేకపోతే వెనక నిలిచిన బస్సు తోక జంక్షన్‌లో ఉంటుంది.

బస్సులు మరీ ఎక్కువైనా ఈ పద్ధతి పనిచేయదు. 120 సెకన్ల చక్రమంటే గంటకు 30 చక్రాలు. గంటకు 30 కంటే ఎక్కువ బస్సులొస్తే ప్రతి చక్రంలోనూ ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. అప్పుడు డిటెక్టర్ల ఖర్చు మానేసి చక్రాన్ని 120 నుంచి 80, 90 సెకన్లకు తగ్గించి, బస్సు దారికి శాశ్వతంగా ఎక్కువ పచ్చ ఇవ్వడం మంచిది. బస్సులు తక్కువైన చోట ఆలస్యంగా నడుస్తున్న బస్సుకే పొడిగింపు ఇవ్వాలి. ముందుగా వచ్చిన బస్సును ఇంకా ముందుకు తోస్తే స్టాపులో వేచి ఉన్నవాళ్లకే నష్టం.

ప్రశ్న: షేర్ ఆటోలు, ట్యాక్సీలు, ముగ్గురున్న కార్లు, టూవీలర్లు, ఎలక్ట్రిక్ బండ్లు. వీటిలో వేటిని బస్ లేన్‌లోకి రానివ్వొచ్చు?

జవాబు: అంబులెన్సులు, ఫైరింజన్లు తప్పకుండా. మిగతావాటికి ఒకటే పరీక్ష: అది వచ్చినందువల్ల బస్సు ఆగుతుందా?

షేర్ ఆటో ఆరేడుగురిని మోస్తుంది కాబట్టి హక్కు ఉందనిపిస్తుంది, నిజంగానే ఉంది. చిక్కల్లా అది చెయ్యెత్తిన చోటల్లా ఆగడం. మూడు మీటర్ల చిల్లర లేన్‌లో ముందు ఆటో ఆగితే వెనక బస్సు దాటలేదు. రానివ్వాలంటే బస్ స్టాపు దాటాక లేన్‌కు బయట 15, 20 మీటర్ల ఆగే చోటు చూపించి, ఇంకెక్కడ ఆగినా పర్మిట్ మీద చర్య ఉండాలి. ఆ చోటు చూపించకుండా జరిమానాలు వేయడం అన్యాయం.

టూవీలర్లు తక్కువున్న లండన్‌లో 2012 నుంచి చాలా బస్ లేన్లలో మోటార్‌సైకిళ్లను శాశ్వతంగా అనుమతించారు. సగం ట్రాఫిక్ టూవీలర్లే ఉన్న నగరంలో అదే పని చేస్తే బస్ లేన్ అనేది మిగలదు. సైకిళ్లకు వేరే దారి ఇవ్వడం ఉత్తమం. కలపక తప్పకపోతే లేన్ 4.25 మీటర్లకు తగ్గకూడదు, అప్పుడే బస్సు సురక్షితంగా దాటగలదు. అంతకంటే కాస్త ఇరుకైతే డ్రైవర్ దాటొచ్చనుకుంటాడు, చోటు సరిపోదు. ప్రమాదాలు అక్కడే జరుగుతాయి.

ఎక్కువ మంది ఉన్న కార్ల విషయంలో లాస్ ఏంజెలెస్ ఎల్ మాంటే దారి అనుభవం ఉంది. 1970ల్లో బస్సుల కోసం మొదలై తర్వాత ముగ్గురున్న కార్లకు తెరిచిన ఆ లేన్‌లోకి 2000 జనవరిలో ఇద్దరున్నా చాలన్నారు. రద్దీ వేళ గంటకు 100 కి.మీ. పైన సాగే వేగం 30 చిల్లరకు పడిపోయింది. అదే ఏడాది వేసవిలో రద్దీ వేళలకు పాత నిబంధనే తిరిగి తెచ్చారు. ఒక్క మనిషి తేడాతో లేన్ నిండిపోయింది. నార్వేలోనూ ఎలక్ట్రిక్ కార్లను బస్ లేన్లలోకి రానిచ్చారు, అవి పెరిగేసరికి ఓస్లో పశ్చిమ దారిలో 2015 నుంచి రద్దీ వేళ కారులో మరో మనిషి ఉండాలని షరతు పెట్టారు. మీ నగరంలో ఎవరినైనా రానివ్వదలచుకుంటే మొదటి రోజే గడువు తేదీ రాసి పెట్టండి. ఇచ్చింది వెనక్కి తీసుకోవడం కష్టం.

ప్రశ్న: ఢిల్లీలో బీఆర్టీ (బస్సులకే వేరు చేసిన దారి) కట్టి పీకేశారు కదా. ఇంకెందుకు ఈ ప్రయత్నాలు?

జవాబు: అంబేద్కర్ నగర్ నుంచి మూల్‌చంద్ దాకా 5.8 కి.మీ., 2008లో తెరిచారు, 2016లో తొలగించారు. దానికి వ్యతిరేకంగా వేసిన పిటిషన్‌ను 2012లో ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది, అయినా నిలవలేదు. లోపాలు నేర్చుకోదగ్గవి. దారి మరీ పొట్టి, బస్సులకు దక్కిన లాభం ఆ కొద్ది దూరం దాటగానే ట్రాఫిక్‌లో కరిగిపోయింది. చిరాగ్ దిల్లీ లాంటి జంక్షన్లలో సిగ్నల్ విడతలు ఎక్కువై చక్రం చాలా పొడవైంది. స్టాపులు జంక్షన్‌ను ఆనుకుని ముందే ఉండటంతో ఎక్కించుకుంటున్న బస్సు, ఎరుపులో ఆగిన బస్సు, చెడిపోయిన బస్సు ఒకే వరసలో చేరాయి. ఇవన్నీ సరిదిద్దగలిగినవే.

ప్రశ్న: లేన్ వేశారు, అడ్డం కూడా ఎవరూ రావడం లేదు. అయినా బస్సు పెద్దగా ముందు రావడం లేదెందుకు?

జవాబు: స్టాపులో గడియారం పట్టుకుని నిలబడండి. ఒకే తలుపు నుంచి, డ్రైవర్ దగ్గరే చిల్లర ఇచ్చి టికెట్ తీసుకుంటూ ఎక్కితే మనిషికి మూడు, నాలుగు సెకన్లు. 25 మందికి దాదాపు 90 సెకన్లు. అదే ముందే టికెట్ తీసుకుని రెండు తలుపుల నుంచి మనిషికి రెండు సెకన్ల చొప్పున ఎక్కితే 25 సెకన్లు. ఒక్క స్టాపులో నిమిషానికి పైగా మిగిలింది. కండక్టర్ బస్సు కదిలాక టికెట్లు కొట్టే పద్ధతి ఈ విషయంలో చాలా మెరుగు.

తర్వాత స్టాపుల మధ్య దూరం. 10 కి.మీ. దారిలో 250 మీటర్లకొకటి చొప్పున 40 స్టాపులుంటే, 400 మీటర్లకు మార్చితే 25 అవుతాయి. ఆగడానికి, మళ్లీ వేగం అందుకోవడానికి ఒక్కో స్టాపుకు 20 సెకన్లు వేసుకున్నా ఐదు నిమిషాలు మిగులుతాయి. ఆసుపత్రి, బడి, మార్కెట్ ముందున్నవి కదపొద్దు.

ఈ నిమిషాలు కలిస్తే ఏమవుతుందో చూడండి. 15 కి.మీ. మార్గంలో బస్సు సగటున గంటకు 12 కి.మీ. వెళ్తే పోయి రావడానికి 150 నిమిషాలు, చివర్లలో విరామం 20, మొత్తం 170. ఐదు నిమిషాలకో బస్సు కావాలంటే 34 బస్సులు. సగటు 16 కి.మీ.కి పెరిగితే ఆ 170 కాస్తా 133 నిమిషాలవుతుంది. అవే 34 బస్సులు, అంతే మంది డ్రైవర్లు, నాలుగు నిమిషాలకో బస్సు నడపగలరు. కొత్త బస్సు ఒక్కటి కూడా కొననక్కర్లేదు.

ప్రశ్న: మా కాలనీ సంఘం తరఫున అధికారులకు అర్జీ పెడదామనుకుంటున్నాం. ఏ లెక్కలు తీసుకెళ్లాలి?

జవాబు: రెండు చాలు. మొదటిది జనం లెక్క. మంగళ, బుధ, గురువారాల్లో ఉదయం 8 నుంచి 10 దాకా, రద్దీ స్టాపు దాటాక ఒక చోట నిలబడండి. ఒకరు బస్సులు, ఒకరు కార్లు, ఆటోలు, ఒకరు టూవీలర్లు. పావుగంటకో వరస రాయండి. బస్సులో మందిని కంటి అంచనాతో వేయొచ్చు: సీట్లు సగం ఖాళీ 20, సీట్లు నిండితే 40, నిలబడ్డవాళ్లుంటే 55, ఫుట్‌బోర్డు మీద ఉంటే 75. కార్లలో ప్రతి పదోదాన్ని ఆపకుండా చూసి మనుషుల్ని లెక్కపెట్టండి, సగటు వస్తుంది.

రెండోది కాలం లెక్క. అదే వేళ బస్సెక్కి మార్గం మొత్తం ప్రయాణించండి. ప్రతి ఆగుడుకూ సెకన్లు, కారణం రాయండి: స్టాపు, సిగ్నల్, ఆగి ఉన్న బండి, బేలోంచి బయటికి రాలేక. కనీసం 20 ప్రయాణాలు కావాలి, నలుగురు పంచుకుంటే వారంలో అయిపోతుంది. ఏ కారణం ఎక్కువ కాలం తింటోందో దానికి తగ్గ పరిష్కారమే అడగండి. వ్యాన్లు అడ్డమైతే పార్కింగ్ నిషేధం, సిగ్నలైతే చక్రం తగ్గింపు. సగటుతోపాటు 20 ప్రయాణాల్లో రెండో అతి పొడవైనదాన్ని కూడా విడిగా చూపించండి. ఆఫీసుకు ఆలస్యం కాకూడదనుకునేవాళ్లు ఇంటి నుంచి బయల్దేరేది సగటును నమ్మి కాదు, ఆ రెండో అంకెను చూసుకునే.